దాంపత్యమూ పరివారమూ: కొన్ని రచనల పరిశీలన

ఒక నవలలోనో, కథలోనో దాంపత్యం విఫలమైనప్పుడు మన విమర్శకులు సాధారణంగా ఇద్దరిని మాత్రమే బోనులో నిలబెడతారు. భర్త నిర్లక్ష్యం, భార్య అసంతృప్తి, ఉభయుల స్వభావ వైరుధ్యం అనే మూడు మాటలతో విచారణ ముగుస్తుంది. ఆ ఇంటిలో తక్కినవారెవరు, భార్యకు మనసు విప్పి చెప్పుకోవడానికి ఎవరున్నారు, భర్తను మందలించే చనువు ఎవరికి ఉంది, వీరి కలహానికి సాక్షులెవరు అనే ప్రశ్నలు అంతగా వినబడవు. అత్తగారి ప్రస్తావన వచ్చినా అది ఒక దుష్టపాత్రను గుర్తించడంతో ఆగిపోతుంది. కాని మన దేశపు ఉత్తమ రచయితలు దాంపత్యాన్ని ఎన్నడూ ఇద్దరి వ్యవహారంగా చిత్రించలేదు. వారి రచనలలో భార్యాభర్తల సుఖదుఃఖాలు చాలావరకు మూడవ మనిషి చేతిలో ఉంటాయి. ఆ మూడవ మనిషిని కేంద్రంగా చేసుకొని కొన్ని రచనలను తిరిగి చదవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రవీంద్రనాథ ఠాకూర్ 1901లో ప్రకటించిన ‘నష్టనీడ్’ నవలికతో ప్రారంభించవచ్చు. సత్యజిత్ రాయ్ 1964లో దీనిని ‘చారులత’ అనే చలనచిత్రంగా రూపొందించిన తరువాత మూలకథకంటె చిత్రమే మనకు ఎక్కువ పరిచితమయింది. భూపతి సంపన్నుడు, ఆంగ్ల పత్రికా సంపాదకుడు. బాలికగా వచ్చిన భార్య చారులత తన ఇంటిలోనే యువతిగా ఎదిగిన సంగతి అతడు గమనించలేదు. అతని మేనత్త కొడుకు అమల్ చదువుకోసం వచ్చి ఆ ఇంటిలో ఉంటాడు. వదినా మరుదుల మధ్య సాహిత్యం సాకుగా పెరిగిన అనుబంధమూ, అమల్ వివాహం చేసుకొని ఇంగ్లండు వెళ్ళిపోవడమూ, ఆ తరువాత చారు దుఃఖం బయటపడడమూ కథావస్తువు.

దీనిని త్రికోణ ప్రణయ కథగా చదవడం అలవాటయింది. నా దృష్టిలో ఈ కథకు కీలకం కథారంభంలోనే వచ్చే ఒక చిన్న సంఘటన. బంధువురాలొకామె భూపతిని మందలిస్తుంది, భార్యను పట్టించుకోవడం లేదని. భూపతి ఆ మాటను ఆలకిస్తాడు కూడా. పాపం చారుకు తోడెవరూ లేరని నిజంగానే నొచ్చుకుంటాడు. అయితే తాను తోడుండాలని మాత్రం అతనికి తోచదు. బావమరది ఉమాపతిని పిలిచి, అతని భార్య మందను రప్పించమంటాడు. అంటే భార్య ఒంటరితనానికి అతడు చేసిన పరిష్కారం ఒక నియామకం! పత్రికాఫీసులో ఖాళీ అయిన స్థానాన్ని భర్తీ చేసినట్లు తన స్థానాన్ని బంధువర్గంతో భర్తీ చేశాడు. కార్యాలయాలలో జీవితం గడిపే మావంటివారు ఈ ఘట్టాన్ని కొంచెం సిగ్గుపడుతూ చదవవలసి ఉంటుంది.

భూపతి ఇంటిలో బంధువులకు కొరత లేదు. అమల్ ఉన్నాడు, మంద ఉంది, చారుకు సొంత సోదరుడైన ఉమాపతి ఉన్నాడు. అయినా ఆ గూడు చెదిరింది. ఎందుకు? అక్కడ ఉన్నవారిలో చారు పక్షాన నిలిచి భర్తతో ఒక మాట అనగలిగినవారు ఒక్కరూ లేరు. సోదరుడు బావగారి డబ్బు కాజేసే పనిలో ఉన్నాడు. వదిన మంద అమల్ మెప్పుకోసం ఆమెకే పోటీగా మారింది. అమల్ సాహిత్యాన్ని పంచుకున్నాడు గాని బాధ్యతను పంచుకోలేదు. మందలించిన బంధువురాలు ఒక్కమాట అని కథలోనుంచి తప్పుకుంది. పరివారం సంఖ్యకూ, అది దంపతులకు కలిగించే మేలుకూ సంబంధం లేదని రవీంద్రులు ఇంత నిర్మొహమాటంగా మరెక్కడా చెప్పలేదేమో.

మరొక విశేషం. ఉమాపతి మోసం బయటపడిన తరువాతనే భూపతి తొలిసారి భార్యవైపు తిరుగుతాడు. లోకం తనను వంచించింది కనుక ఇంటిలో ఆశ్రయం దొరుకుతుందనుకుంటాడు. బయటి స్నేహాలూ బంధుత్వాలూ నిండుగా ఉన్నంతకాలం భార్య అవసరం లేదు. అవి కూలగానే ఆమె ఒక్కతే సమస్తమూ కావాలి. అప్పటికి ఆలస్యమయింది. అమల్ క్షేమం తెలుసుకోవడానికి చారు రహస్యంగా పంపిన తంతికి వచ్చిన జవాబు భూపతి చేతిలో పడుతుంది. చివరకు మైసూరులో ఒక పత్రికలో పని దొరికి అతడు బయలుదేరబోతాడు. తననూ తీసుకువెళ్ళమని చారు అడుగుతుంది. అతడు తటపటాయించి, పిదప రమ్మంటాడు. ఆమె వద్దంటుంది. ఈ నిరాకరణకు అమల్ స్మృతినే కారణంగా చెబుతూ వచ్చారు. కాని మైసూరులో ఆమెకు భాష రాదు, మనుషులు లేరు, ఆ తటపటాయించిన మనిషి ఒక్కడే ఉంటాడు. ఆ కోణం నుంచి చూస్తే చారు జవాబు మరింత సమంజసంగా కనిపిస్తుంది.

దాదాపు అదే కాలంలో ధారావాహికగా వెలువడి 1903లో పుస్తకరూపం పొందిన ‘చోఖేర్ బాలి’లో రచయిత ఈ విషయాన్నే వేరొక దిక్కునుంచి పరిశీలించారు. మహేంద్రుడు, ఆశ కొత్త దంపతులు. వారిద్దరికీ లోకం కనిపించదు. దాంపత్య సుఖమంటే ఇదే గదా అనుకుంటాడు పాఠకుడు. కాని ఆ సుఖమే ఇంటిలో అందరినీ దూరం చేసింది. కుమారుడు తన చేయి జారిపోయాడని అలిగిన తల్లి రాజలక్ష్మి పుట్టిన ఊరికి వెళ్ళి, తిరిగివస్తూ యువతీ విధవ అయిన వినోదినిని వెంటబెట్టుకు వస్తుంది. పనీపాటా తెలియని కోడలికి ఎదురుగా సర్వకార్యదక్షురాలైన పరాయి స్త్రీని నిలబెట్టడం ఆ తల్లి పగ తీర్చుకున్న తీరు. ఇంత సూక్ష్మమైన పగను రచించడానికి కుటుంబ జీవితాన్ని బాగా ఎరిగినవాడే కావాలి.

ఆశ స్థితి చూడండి. ఆమె అనాథ. ఆ ఇంటిలో ఆమెకు తనవారంటూ ఉన్నది పినతల్లి అన్నపూర్ణ ఒక్కతే. ఆమె మహేంద్రునికి చిన్నమ్మ కూడా. తోడికోడళ్ళైన రాజలక్ష్మికీ అన్నపూర్ణకూ మధ్య పొరపొచ్చాలు వచ్చి అన్నపూర్ణ కాశీకి తరలిపోతుంది. కథాగమనంలో ఇది చిన్న సంఘటనగా కనిపిస్తుంది గాని, ఆశ పతనం ఆనాడే ఖాయమయింది. పినతల్లి వెళ్ళిన చోటు ఖాళీగా ఉండలేదు. వినోదిని వచ్చి అందులో కూర్చుంది. ఇద్దరూ ఒకరికొకరు ‘కంటిలో నలుసు’ అని ముద్దుపేరు పెట్టుకొని మన వైపు నేస్తం కట్టడం వంటి స్నేహం చేసుకుంటారు. తోడులేని భార్య చేతికందిన స్నేహాన్ని పట్టుకుంటుంది. ఆ స్నేహం ఎటువంటిదో పరీక్షించుకునే స్తోమత ఆమెకు ఉండదు. మహేంద్రుని మిత్రుడు విహారి సజ్జనుడే. కాని తొలుత ఆశను తన కోసమే చూశారన్న జ్ఞాపకం వల్ల అతని హితవాక్యానికి కూడా ఆ ఇంటిలో విలువ పోయింది. మంచి స్నేహితుడు ఉండడం ఒకటి, అతడు మాట్లాడగలిగిన స్థితిలో ఉండడం మరొకటి.

వంగదేశపు కథలను తెలుగు పాఠకుడు చదివేటప్పుడు ఒక భేదం గుర్తుంచుకోవాలి. ఉత్తర భారతంలో చాలా చోట్ల కన్య అపరిచితుల ఇంటికి కోడలిగా వెళుతుంది. దక్షిణాదిలో మేనరికం ఆచారంగా ఉన్న కులాలలో ఆమె వెళ్ళే ఇల్లు మేనత్తదో మేనమామదో అయ్యే అవకాశం ఉంది. ఇరావతీ కర్వే 1953లో ప్రచురించిన బంధుత్వ వ్యవస్థల గ్రంథంలో ఈ భేదాన్ని విపులంగా చర్చించారు. మన భాషే దీనికి సాక్ష్యం. తండ్రి సోదరినీ, భర్త తల్లినీ ‘అత్త’ అనే ఒక్కమాటతో పిలుస్తాం. తల్లి సోదరుడూ, భర్త తండ్రీ ఇద్దరూ మామలే. బావ అనే పిలుపులోని చనువు పెండ్లికి పూర్వమే మొదలవుతుంది. ఈ ఆచారం ప్రాచీనత విషయంలో సందేహం లేదు. మేనమామ కుమార్తెనూ, మేనత్త కుమార్తెనూ వివాహమాడడం దాక్షిణాత్యుల ప్రత్యేకాచారమని బౌధాయన ధర్మసూత్రం పేర్కొన్నది. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో విజయపురి నుంచి పాలించిన ఇక్ష్వాకు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కుమార్తెలను వివాహమాడినట్లు నాగార్జునకొండ శాసనాలు తెలుపుతున్నాయి. ఆ రాణులు మహాచైత్యానికి దానాలు చేసి వేయించిన శాసనాలలో భర్త పేరుతోపాటు తల్లి పేరును కూడా చెప్పుకున్నారు. మెట్టినింట పుట్టింటిని ఎవరూ మరచిపోనక్కరలేని వివాహాలవి. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం అనుమతించిన చోట ఇట్టి సంబంధాలకు మినహాయింపు ఇచ్చింది.

అయితే ఇందువల్ల మన ఆడపడుచుల జీవితం పూలపాన్పు అయిందని చెప్పలేము. మేనత్తే అత్తగారైనప్పుడు కోడలు తన కష్టం తండ్రికి చెప్పుకుంటే అది అన్నాచెల్లెళ్ళ మధ్య చిచ్చు అవుతుంది. పరాయి ఇంటికి పోయిన పిల్ల కన్నీరు పెడితే పుట్టిల్లు కోపగించవచ్చు. సొంత చెల్లెలి ఇంటికి పంపిన పిల్ల కన్నీరు పెడితే ‘సర్దుకుపోవమ్మా’ అనక తప్పదు. మేనరికంలోని ఈ రెండవ పార్శ్వాన్ని సామాజిక శాస్త్రజ్ఞులకంటె మన గృహిణులు బాగా ఎరుగుదురు. ధనం విషయమూ అంతే. మహాభారత మూలంలో లేని శశిరేఖా పరిణయ కథను మన జానపదులూ, నాటకకర్తలూ ఎంతగా ఆదరించారో, దానిని ఆధారం చేసుకొని 1957లో వచ్చిన ‘మాయాబజార్’ ఎంత జనాదరణ పొందిందో తెలిసినదే. నవ్వులూ మాయలూ పక్కన పెడితే దాని ఇతివృత్తం, పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే మేనరికపు మాట తప్పిన ఒక కుటుంబం కథ. బంధుత్వం తనంతట తాను ఎవరినీ కాపాడలేదు. కృష్ణుడూ, సుభద్రా, ఘటోత్కచుడూ పూనుకొంటే కాపాడింది.

ఆ పూనుకొనే మేనమామను గురజాడ వారు ‘కన్యాశుల్కం’లో మరపురాని విధంగా చూపారు. అగ్నిహోత్రావధాన్లు చిన్న కుమార్తె సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధాన్లుకు కట్టబెట్ట నిశ్చయిస్తే, ఎదిరించలేని భార్య వెంకమ్మ నూతిలో దూకుతుంది. ఆమె అన్న కరటకశాస్త్రి ఆ పెళ్ళి తప్పించడానికి శిష్యుడికి ఆడవేషం వేసి నాటకమాడతాడు. కరటకశాస్త్రి హాస్యాన్ని గురించి ఎంతో రాశారు. ఆ హాస్యానికి పునాది, కష్టంలో ఉన్న ఆడదానికి తోబుట్టువు ఉండడం అనే గంభీర విషయమని అంతగా రాయలేదు. వెంకమ్మకు అన్న లేని నాటకాన్ని ఊహించుకుంటే అది ప్రహసనం కాదు.

గురజాడ వారి ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడింది. ఇది దాంపత్యాన్ని చక్కదిద్దిన కథగా, స్త్రీవిద్యా ప్రబోధంగా పాఠ్యపుస్తకాలకెక్కింది. కమలిని చదువుకున్నది కనుక ఉత్తరం రాయగలిగింది, భర్తను దారికి తెచ్చింది అని బోధిస్తాము. సరే. కాని ఉత్తరానికి ఆ బలం ఎక్కడినుంచి వచ్చింది? తాను కన్నవారింటికి పోతున్నానని కమలిని రాసింది. ఆమె వెళ్ళలేదు, మంచం కిందనే ఉంది. అయినా వెళ్ళగలదని గోపాలరావు నమ్మాడు. నమ్మాడు కనుకనే భయపడ్డాడు. వెళ్ళడానికి ఒక ఇల్లు, రమ్మనేవారు లేని భార్య అదే ఉత్తరం అంతకంటె మంచి భాషలో రాసినా గోపాలరావు దానిని చదివి పడుకునేవాడేమో! కథలో ఒక్కసారి కూడా ప్రత్యక్షం కాని ఆ పుట్టిల్లే అందులో బలవత్తరమైన పాత్ర అని నా అభిప్రాయం.

ఈ కథలో రాముడనే సేవకుడి స్థానం కూడా ఆలోచించదగినది. అర్ధరాత్రి గోపాలరావు తన పశ్చాత్తాపాన్ని వెల్లడించేది భార్య ఎదుట కాదు, నౌకరు ఎదుట. కమలినితో ఏమి చెప్పి తీసుకురావాలో రాముడికి బోధిస్తూ తాను ఎన్నడూ ఆమెతో అనలేని మాటలన్నీ అంటాడు. ఆమె చాటుగా వింటుంది. దంపతులిద్దరే గదిలో ఉంటే అతని నోట వచ్చేవి సమర్థనలు. మూడవవాడు ఉండబట్టి నిజం వచ్చింది. మన ఇండ్లలో రాయబారాలు నడిపే మేనత్తలూ, పాత స్నేహితులూ, ఇంటి పురోహితులూ చేసే పని ఇదే. వారు చెప్పే నీతులవల్ల కాదు, వారితో చెప్పుకునే మాట అవతలివారి చెవిన పడడం వల్ల ఎన్నో కాపురాలు నిలిచాయి. 

పరివారాన్ని పూర్తిగా తుడిచివేస్తే ఏమవుతుందో చలం 1927లో ‘మైదానం’లో చూపించారు. రాజేశ్వరి భర్తను విడిచి అమీరుతో ఊరికి దూరంగా వెళ్ళిపోతుంది. అత్త లేదు, ఇరుగుపొరుగు లేదు, పరువు ప్రసక్తి లేదు. కొంతకాలం ఆ స్వేచ్ఛ అపూర్వంగానే ఉంటుంది. తరువాత ఇద్దరి మధ్య వచ్చిన చిక్కులకు ఇద్దరి వద్దా జవాబు లేకపోయింది. మీరా అనే మూడవ మనిషి రానే వచ్చాడు. చలం ఉద్దేశం సంఘాన్ని సమర్థించడం కాదని అందరికీ తెలుసు. కాని రచన రచయితకంటె నిజాయితీగా ప్రవర్తించిందని నాకు అనిపిస్తుంది.

సంఘం వెలివేసినప్పుడు స్నేహితులే బంధువర్గం కావలసి వచ్చిన చరిత్ర కూడా మనకు ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిపించిన తొలి వితంతు వివాహాన్ని మనం ఒక తేదీగా గుర్తుంచుకుంటాము. వధూవరులు గౌరమ్మ, గోగులపాటి శ్రీరాములు ఆ మరునాటి నుంచి ఎలా బ్రతికారన్నది అంతకంటె కష్టమైన ప్రశ్న. వంటవారు వదలిపోయారు, నీళ్ళు తెచ్చేవారు లేరు. ఆ పనులన్నీ పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారి మీద పడ్డాయి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. విద్యార్థులు అండగా నిలిచారు. పెండ్లి జరిపించడానికి శాస్త్రప్రమాణం చాలింది గాని కాపురం నిలబెట్టడానికి ఇల్లు, జీవనోపాధి, పిలిచి భోజనం పెట్టే ఒక పొరుగిల్లు కావలసి వచ్చాయి. సంస్కర్త సభలో చెప్పిన ఉపన్యాసాలను సంపుటాలుగా వేసుకున్నాము. రాజ్యలక్ష్మమ్మగారు మోసిన నీళ్ళ బిందెలకు లెక్క లేదు. ఆ దంపతుల సుఖంలో దేని పాలు ఎంతో తేల్చడం చరిత్రకారునికి తేలికైన పని కాదు.

సామాజిక శాస్త్రం ఈ ప్రశ్నను ఆలస్యంగా చేపట్టింది. ఎలిజబెత్ బాట్ అనే పరిశోధకురాలు లండనులో 20 కుటుంబాలను అధ్యయనం చేసి 1957లో ఒక గ్రంథం ప్రకటించారు. దంపతుల బంధుమిత్రులు తమలో తాము బాగా ఎరిగినవారై అల్లుకుపోయి ఉంటే భార్యాభర్తల పనులూ, వినోదాలూ వేరువేరుగా ఉంటాయని, ఆ అల్లిక వదులైనచోట ఇద్దరూ ఒకరిపై ఒకరు ఎక్కువగా ఆధారపడతారని ఆమె ప్రతిపాదన. ఆమె మాట్లాడింది పనుల విభజనను గురించే గాని సుఖాన్ని గురించి కాదు. ఈ సంగతి మరచి ఆమెను ఉదహరించేవారున్నారు. పైగా మేనరికపు కుటుంబంలో భార్య బంధువులూ, భర్త బంధువులూ ఒకరే అయినప్పుడు ఆ సిద్ధాంతాన్ని ఎలా అన్వయించాలో లండను కుటుంబాలు చెప్పలేవు. అయినా ఆమె అడిగిన ప్రశ్న మన విమర్శకు అవసరమైనది: ఈ దంపతులను ఎరిగినవారు ఒకరినొకరు ఎరుగుదురా?

నిజానికి ఈ ప్రశ్నకు మన స్త్రీలు ఏనాడో జవాబు చెప్పుకున్నారు, అచ్చులో కాదు, పాటలో. స్త్రీల రామాయణపు పాటలను కృష్ణశ్రీ సంపాదకత్వంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో హైదరాబాదులో ప్రచురించింది. వెల్చేరు నారాయణరావు 1991లో ఆంగ్లంలో రాసిన వ్యాసంతో ఇవి దేశాంతర పండితుల దృష్టికి వెళ్ళాయి. వాల్మీకి రామాయణంలో లేని ఒక లోకం ఈ పాటలలో ఉంది. అక్కడ యుద్ధాలు లేవు. పురుళ్ళు, పెండ్లిళ్ళు, అలకలు, ఆటలు ఉన్నాయి. రాముని అక్క శాంత ఆ ఇంటి ఆడపడుచుగా హుందాగా తిరుగుతుంది. సీత, ఊర్మిళ, మాండవి, శ్రుతకీర్తి ఒకే ఇంటి ఆడపిల్లలు, మరల ఒకే ఇంటి కోడళ్ళు. తెలుగు ఆడవారు రామాయణంలో దేనికి ఆకర్షితులయ్యారో ఇక్కడ తెలుస్తుంది: అక్కచెల్లెళ్ళే తోడికోడళ్ళు కావడం! పుట్టిల్లు మెట్టినింటికి నడిచి రావడం అనే వారి చిరకాల స్వప్నం అది.

‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో పదునాలుగేండ్లు నిద్రలో ఉన్న ఊర్మిళ వద్దకు లక్ష్మణుడు తనంతట తాను వెళ్ళడు. సీత ఆ సంగతి రామునికి గుర్తు చేయాలి, రాముడు తమ్ముణ్ణి పంపాలి. చెల్లెలి దాంపత్యాన్ని అక్క తలచుకుంటేగాని మగవారికి స్ఫురించలేదన్నమాట. నిద్రలేచిన ఊర్మిళ ఎదుట ఉన్నది భర్త అని గుర్తించక పరపురుషుడనుకొని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికలో ఆమె తన శక్తిని చెప్పుకోదు. తండ్రి జనకుణ్ణి, అక్కను, బావను పేర్కొంటుంది. వారికి తెలిస్తే ఊరుకోరంటుంది. తలుపు మూసిన గదిలో, నిద్రమత్తులో కూడా ఆమె తనవారిని లెక్కపెట్టుకోగలిగింది. ఆశకు గాని చారుకు గాని అలా లెక్కపెట్టుకోవడానికి ఎవరున్నారు?

రావణుని చిత్రపటం పాట ఇంతకంటె సాహసమైనది. శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుని రూపం చూపమని సీతను బలవంతపెడుతుంది. సీత చూసింది అతని కాలి బొటనవేలు మాత్రమే; అదే గీస్తుంది. తక్కిన రూపం శూర్పణఖ పూర్తి చేస్తుంది. ఆ పటం ఎంత ప్రయత్నించినా వదలదు, చివరకు రాముని కంట పడుతుంది. అనుమానం, ఆగ్రహం, శిక్ష. ఇంతవరకు ఇది ఒక భర్త, ఒక భార్య, ఒక అపవాదు. కాని పాట ఇక్కడ ఆగదు. అంతఃపుర స్త్రీలందరూ సీత పక్షాన నిలిచి రాముణ్ణి నిలదీస్తారు. రాజుగా అతని నిర్ణయం మారకపోవచ్చు. అయితే సీత మౌనంగా అడవికి పోలేదు, ఆమె తరఫున ఇంటిల్లిపాదీ మాట్లాడిన తరువాత పోయింది. కావ్యంలో లేని ఈ ఓదార్పును పాట కట్టిన స్త్రీలు తమ కోసమే కల్పించుకున్నారు. వారు భర్త మనసు మారాలని కోరలేదు, ఆ కోరిక నెరవేరదని వారికి తెలుసు కాబోలు. తన తరఫున మాట్లాడే నలుగురుంటే చాలుననుకున్నారు.

ఆధునిక నవలలలో ఈ నలుగురు క్రమంగా తగ్గిపోవడాన్ని గమనించవచ్చు. భానుమతీ రామకృష్ణ ‘అత్తగారి కథలు’ ఒక సుందరమైన మినహాయింపు. వాటిలో భర్త పాత్ర నామమాత్రం. అత్తాకోడళ్ళ చెలిమే అసలు దాంపత్యమా అన్నంతగా ఇల్లు కళకళలాడుతుంది. రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’లో అత్తిల్లు నరకమే అయినా జానకికి తోబుట్టువు అండ ఉంది. ఈ రెండు రచనల దృక్పథాలు ఉత్తర దక్షిణ ధ్రువాలు. అయినా ఒక విషయంలో రెంటికీ ఏకీభావం ఉంది: ఆడదాని సుఖం ఆమె భర్త గుణగణాలతోనే తేలదు.

మన చట్టాలు పరివారాన్ని గుర్తించిన తీరు విచిత్రమైనది. 1983లో భారతీయ శిక్షాస్మృతిలో చేర్చిన 498-ఏ సెక్షన్ భర్తనూ, అతని బంధువులనూ కలిపి పేర్కొన్నది. 2024 జూలై 1 నుంచి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 85వ సెక్షన్ కూడా అదే బాటలో ఉంది. హింసించే బంధువును చట్టం గుర్తించింది, అది అవసరమే. ఆదుకునే బంధువుకూ, స్నేహితురాలికీ చట్టంలో దక్కిన చోటు అంతకంటె తక్కువనిపిస్తుంది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం రాజీకి ప్రయత్నించమని న్యాయమూర్తిని ఆదేశిస్తుంది. ఆ ప్రయత్నం ఎక్కువగా దంపతులిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడంతో మొదలవుతుంది. గోపాలరావునూ కమలినినీ అలా కూర్చోబెడితే ఏమయ్యేదో పాఠకులు ఊహించగలరు.

ఉద్యోగరీత్యా బదిలీ అయ్యే కుటుంబాలలో ఈ విషయం మరింత స్పష్టంగా కనబడుతుంది. నేను పనిచేసిన ఊళ్ళు నాకు పదవుల పేర్లతో గుర్తుంటాయి. నా భార్యకు అవి మనుషుల పేర్లతో గుర్తుంటాయి: పాపకు జ్వరం వచ్చిన రాత్రి తోడు వచ్చినవారి ఊరు, ఆవకాయ జాడీ దాచి ఇచ్చినవారి ఊరు. ప్రతి బదిలీ ఉత్తర్వుతోను నాకు ఒక కుర్చీ పోయి మరొక కుర్చీ వచ్చింది. ఆమెకు పోయినవారు తిరిగి రాలేదు. కొత్త ఊరిలో తొలి ఆరు నెలలు మా ఇంటిలో చిన్న విషయాలకే మాటా మాటా పెరగడానికి కారణం ఏమిటో ‘నష్టనీడ్’ రెండవసారి చదివేవరకు నాకు తట్టలేదు. ఇప్పుడు అమెరికాలో, ఆస్ట్రేలియాలో కాపురముంటున్న మన పిల్లల ఇండ్లలో పురుడు పోయడానికి తల్లులు సముద్రాలు దాటి వెళుతున్నారు. అనుమతి గడువు తీరగానే తిరిగివస్తున్నారు. ఆ తరువాత ఆ గదులలో ఇద్దరే ఉంటారు. వారి కథలు తెలుగులో వస్తూనే ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు విమర్శకుడు కథానాయిక చరవాణిలో ఎవరెవరి పేర్లున్నాయో కూడా అడిగితే బాగుంటుంది.

ఊర్మిళ నిద్ర పాటను నేను మా మేనత్తగారి నోట విన్నాను. ఆమె మంచి గాయని కాదు, జ్ఞాపకశక్తి మాత్రం గొప్పది. పాట మధ్యలో ఒకచోట ఆపి, కొంత తడవు ఊరుకుని, తరువాతి చరణం నుంచి ఎత్తుకునేవారు. మరచిపోయారేమోనని అడిగాను. మరచిపోలేదట. ఆ చరణం తోడికోడలు పాడేదట. ఆమె పోయి చాలా కాలమయింది.